మా ఇంట్లో మాట్లాడుకోని కేసు

ఈ సభను నడిపిస్తున్న మా ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చి నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పిన యూనివర్సిటీ పెద్దాయనకి, ముందు వరుసలో ఉన్న నా తోటి అధ్యాపకులకి, రెండో వరుసలో కూర్చుని ఇందాకటి నుంచీ ఫోను చూసుకుంటున్న మన కాలేజీ లాయరుగారికి (నవ్వులు), మా డిసెక్షన్ హాలు అటెండరుకి, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడిన పిల్లలకి, అందరికీ పేరుపేరునా నమస్కారం. పేరుపేరునా అన్నాను గానీ నాకు మీ పేర్లు గుర్తుండవని మీకు తెలుసు. హాల్‌టికెట్ నంబరు చెప్పండి, ఏ ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలారో చెబుతాను. (నవ్వులు)

నాకు గోడ గడియారం బహూకరించారు. గంట కొట్టాక కూడా క్లాసు ఆపని మనిషికి గడియారం ఇవ్వడంలో మీ ఉద్దేశం నాకు అర్థం కాకపోలేదు. ఇందాక మాట్లాడినవాళ్ళంతా నన్ను క్రమశిక్షణకు మారుపేరు అన్నారు. క్యాంటీన్లో మీరు నాకు పెట్టిన మారుపేరు అది కాదు. కత్తెరమ్మ. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టేవాళ్ళు కాస్త నెమ్మదిగా కొట్టండి, ఇవాళ సాయంత్రం అయిదు దాకా నాకు ఉద్యోగం ఉంది.

కత్తెరమ్మ అనే పేరు నాకు ఊరికే రాలేదు. వైద్యం చదవడానికి వచ్చిన పిల్లలకి మొదటి ఏడాది అనాటమీ చెప్పడం నా పని. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఏ నరం ఏ ఎముక వెనకగా పోతుంది, గొంతు దగ్గర కత్తి పెడితే దేన్ని తప్పించి పెట్టాలి, ఇదంతా డిసెక్షన్ హాల్లో చచ్చిపోయిన మనిషి దగ్గర నేర్చుకున్నాకే బతికున్న మనిషి జోలికి వెళ్ళాలని నా మొండిపట్టు. పాఠం రానివాళ్ళని ఫెయిల్ చేశాను. అందులో నాకు బాధ లేదు, ఇప్పుడూ లేదు, ముఖ్య అతిథిగారు అలా చూసినా సరే నేను మాట మార్చను. కానీ ఫెయిలైన పిల్లల్ని ఏం చెయ్యాలి? అదీ అసలు తగువు. రూలు ప్రకారం అనాటమీ తప్పినవాళ్ళు రెండో ఏడాదిలోకి వెళ్ళకూడదు. తోటివాళ్ళు తెల్లకోట్ల మీద స్టెతస్కోపులు వేసుకుని వార్డుల్లోకి పోతుంటే, వీళ్ళు కొత్తగా వచ్చే జూనియర్లతో కలిసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ సిగ్గు, ఆ ఏడాది పోగొట్టుకోవడం, ఇంట్లో అమ్మానాన్నల మొహాలు, ఇవన్నీ తలుచుకుని పిల్లలు ఏం చేస్తారు? కోర్టుకి వెళతారు. కోర్టు వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పాపం పసివాళ్ళు, తీర్పు వచ్చేదాకా రెండో ఏడాది క్లాసులో కూర్చోనివ్వండి, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అని స్టే ఇస్తారు. అలా పైకెక్కినవాళ్ళని మన కాలేజీలో స్టే పిల్లలు అంటాం. అటెండెన్సు రిజిస్టర్లో వాళ్ళ పేర్లు అందరి కిందా ఎర్ర సిరాతో ఉంటాయి. వాళ్ళు హాజరు పలికేటప్పుడు గొంతు కూడా ఎర్రగానే ఉండేది, నేను విన్నాను.

ఆ స్టేలు తెచ్చిన లాయరు ఎవరో ఇక్కడ పాతవాళ్ళందరికీ తెలుసు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, మావారే. (నవ్వులు)

నవ్వండి, కోర్టులోనూ అలాగే నవ్వారు. మొదటి కేసులో ఈ కాలేజీ తరఫున అఫిడవిట్ మీద సంతకం నాది, పిల్లల తరఫున నల్లకోటు ఆయనది. అప్పుడున్న కాలేజీ లాయరు లేచి, అయ్యా వీళ్ళిద్దరూ భార్యాభర్తలు, ఒకే ఇంట్లో ఉంటారు, రాత్రి మాట్లాడుకున్నది పొద్దున వాదిస్తే మా గతేం కాను అన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి మావారి వంక చూసి, "ఏమండీ, ఇంట్లో ఈ కేసు సంగతి మాట్లాడుకుంటారా?" అని అడిగారు. మావారు చేతులు కట్టుకుని, "ఇంట్లో నాకు మాట్లాడే వంతు ఇంకా రాలేదండయ్యా" అన్నారు. (నవ్వులు) అందరూ నవ్వడం అయ్యాక మాత్రం ఆయన మొహం మారింది. "లేదండీ. విచారణలో ఉన్న కేసు మాట మా గుమ్మం లోపల ఎత్తం. ఇద్దరి తరఫునా మాటిస్తున్నాను" అన్నారు. వెనక బెంచీలో కూర్చున్న నన్ను అడగనైనా అడగలేదు చూడండి, నా తరఫున కూడా ఇచ్చేశారు. నాకు ఒళ్ళు మండింది గానీ, మాటంటే మాటే.

ఆ మాట మేం నిలబెట్టుకున్న తీరు చెబితే మీరు నమ్మరు. ఆయనకి స్నానాల గదిలో వాదన ప్రాక్టీసు చేసే అలవాటు. గొంతు కాస్త పెద్దది. ఆయన "మైలార్డ్" అనగానే నేను వంటింట్లో కుళాయి తిప్పేసేదాన్ని, వినపడకుండా. నేను భోజనాల బల్ల మీద వేలితో నరాల బొమ్మలు గీసుకుంటుంటే ఆయన మర్యాదగా అటు తిరిగి కూర్చునేవారు. వాయిదా ఉన్న రోజున ఒకే కారులో కోర్టుకి వెళ్ళేవాళ్ళం, దారంతా వానల గురించి మాట్లాడుకుంటూ. ఎండాకాలంలో కూడా వానల గురించే. (నవ్వులు) ఒకసారి జడ్జిగారు, లాయరుగారూ, ఈ పిల్లవాడికి అరచేతి ఎముకలే రాలేదంటున్నారు, అసలు ఎన్ని ఉంటాయి అని అడిగితే ఈయన గబుక్కున వెనక్కి తిరిగి నా వంక చూశారు. నేను ఫ్యాను వంక చూశాను. "అయ్యా, తెలిసినవాళ్ళు చెప్పడం లేదు, రేపు మనవి చేసుకుంటాను" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తన అరచెయ్యి తనే నొక్కుకుంటూ కూర్చున్నారు గానీ, నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు అని. ఎదురుగా ఒక మనిషి ఉండి మాట్లాడకపోవడం వేరు, మాట్లాడదామన్నా ఎదురుగా మనిషి లేకపోవడం వేరు కదండీ.

మంచినీళ్ళు ఉన్నాయా? థాంక్స్ నాన్నా.

సరే, ఎక్కడున్నాం? కేసుల్లో. ప్రతి కేసూ ఒకేలా నడిచేది. ముందు ఆయన స్టే తెచ్చేవారు, చివర్లో మేం తీర్పు గెలిచేవాళ్ళం. ఒక్కటంటే ఒక్క తీర్పు కూడా ఆయన నా మీద గెలవలేదు. ఆ మధ్యలో పిల్లలు పైన కూర్చునేవాళ్ళు.

పొడుగబ్బాయి అని ఒకడుండేవాడు. మన సర్జరీ సార్‌కి గుర్తుండే ఉంటాడు, వార్డులో వాడు పక్కన నిలబడితే సార్ మెట్టెక్కి మాట్లాడేవారు. (నవ్వులు) వాడికి స్టే వచ్చింది, రెండో ఏడాది దాదాపు పూర్తిగా కూర్చున్నాడు, బాగా చదివాడు కూడా, వాడి పాఠాల సంగతి నేను వాడి టీచర్లనే అడిగి తెలుసుకున్నాను. చివర్లో తీర్పు వచ్చింది, రూలు రూలే అని. ఆ మర్నాడు వాడు దిగొచ్చి నా హాల్లో జూనియర్ల మధ్య టేబులు దగ్గర నిలబడ్డాడు. ముందు రోజు దాకా వాణ్ణి "అన్నా, అన్నా" అని వెంటపడి డౌట్లు అడిగిన పిల్లలు వాడి మొహం చూడలేక బాడీ వంకే చూస్తూ నిలబడ్డారు. నాలుగైదు రోజులు వచ్చాడు. తర్వాత రాలేదు. కబురు పంపాం, వాళ్ళ ఇంటికి మనిషిని పంపాం, ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఒరే నాన్నా, ఎక్కడున్నావో తెలీదు. ఆస్పత్రుల్లో, బస్టాండుల్లో, ఎక్కడ పొడుగ్గా ఎవరు కనపడినా ఒకసారి తలెత్తి మొహం చూసి మరీ దాటతాను. నిన్ను చూడాలని ఉందిరా. ఫెయిల్ చేసినందుకు కాదు, మళ్ళీ చెప్పనివ్వకుండా వెళ్ళిపోయినందుకు.

అప్పటికి ఆ కేసు అయిపోయింది కాబట్టి మా ఇంట్లో దాని మాట ఎత్తొచ్చు. పొద్దున్నే కాఫీ తాగుతూ మావారు అన్నారు, "ఏమోయ్, స్టే నేను గెలిచాను, తీర్పు నువ్వు గెలిచావు. మనిద్దరం గెలిచిన కేసులో వాడొక్కడే ఓడిపోయాడు చూశావా" అని. కాఫీ చల్లారిపోయింది, ఇద్దరం అలాగే వదిలేసి లేచాం.

ఈ ఏడాది మళ్ళీ కొందరు అనాటమీ తప్పారు. మామూలుగానే ఆయన దగ్గరికి పరుగెత్తారు, సార్ స్టే తెండి అని. ఆయన తేనన్నారు. "మిమ్మల్ని పైన కూర్చోబెట్టి కింద పడేయడం ఇక నా వల్ల కాదు" అన్నారట. స్టే అడక్కుండా ఇంకో రకం పిటిషన్ వేశారు. దాని కాపీ కాలేజీకి వచ్చినప్పుడు, జవాబు తయారు చెయ్యాలి కాబట్టి నా బల్ల మీదికి వచ్చింది. చదివాను. ఫెయిలైనవాళ్ళని పాస్ చెయ్యమని లేదు అందులో. పై క్లాసుకి పంపమనీ లేదు. మాకు వేరే బ్యాచి పెట్టి, తప్పిన పాఠం వెంటనే మళ్ళీ చెప్పించి, త్వరగా మళ్ళీ పరీక్ష పెట్టండి, పాసైతేనే మా తోటివాళ్ళని అందుకుంటాం, కాకపోతే ఉండిపోతాం. అంతే. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇన్నేళ్ళూ నేను పట్టుకున్న పట్టూ ఆయన పట్టుకున్న పట్టూ ఒకే కాగితంలో ఎలా ఇమిడ్చాడీ మనిషి అనుకున్నాను. లేచి వెళ్ళి ఆయనకి చెబుదామనిపించింది. ఎక్కడ చెబుతాను? కేసు విచారణలో ఉంది.

కాలేజీ జవాబు ఏమిటంటే, వేరే బ్యాచికి మా దగ్గర టీచర్లు లేరు అని. అది అబద్ధం కాదు. మా డిపార్ట్‌మెంటులో ఖాళీలు ఎన్నో ప్రిన్సిపాల్ గారికి తెలుసు, ఉన్నవాళ్ళం ఒక క్లాసులోంచి ఇంకో క్లాసులోకి పరుగెత్తుతూనే ఉన్నాం. నిజం కాబట్టి సంతకం పెట్టాను.

తర్వాత ఆయన జబ్బుపడ్డారు. మన ఆస్పత్రిలోనే, మన వార్డులోనే. నరం దొరక్క నర్సు అవస్థ పడుతుంటే ఒక కుర్ర డాక్టరు వచ్చి ఒక్కసారికే సూది పెట్టేశాడు. ఆయన కళ్ళు తెరిచి, "ఇతను నువ్వు ఫెయిల్ చేసినవాడేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే భయం లేదు" అన్నారు. (నవ్వులు) ఆ కుర్ర డాక్టరు ఇక్కడే ఉన్నాడు, అదిగో ఆ స్తంభం వెనక దాక్కుంటున్నాడు. దాక్కోకు నాన్నా, నీ చెయ్యి చల్లనిది.

ఒక మధ్యాహ్నం వార్డులో ఎవరూ లేరు. కిటికీ తెర వేసి మంచం పక్కన కూర్చుని, ఇక ఉండబట్టలేక, "ఏమండీ, మీ పిటిషన్..." అన్నాను. అంతే. వేలు పెదాల మీద పెట్టుకున్నారు. సూది ఉన్న చెయ్యి అది, ఎత్తడానికి కష్టపడ్డారు కూడా. "విచారణలో ఉందోయ్" అన్నారు. నేను దుప్పటి సర్దాను. తగ్గి ఇంటికి వచ్చాక చెప్పొచ్చులే, కేసు తేలాక తీరిగ్గా చెప్పొచ్చులే అనుకున్నాను. ఆయన ఇంటికి రాలేదు.

(ముందు వరుసలోంచి ఒక అధ్యాపకురాలు లేచి వస్తుంది) లేదు లేదు, నేను బాగానే ఉన్నాను. కూర్చోండి మేడమ్, పర్లేదు.

నేను రేపటి నుంచి ఏం చేస్తానని అందరూ అడుగుతున్నారు. విశ్రాంతి తీసుకోండి అంటున్నారు. ఏ విశ్రాంతండీ? నాకు ఆ హాలు కావాలి. తలుపు తెరవగానే కళ్ళు మండించే ఆ ఫార్మలిన్ వాసన కావాలి. మొదటి రోజు తలుపు దగ్గరే ఆగిపోయి ఒకళ్ళ వెనక ఒకళ్ళు నక్కే పిల్లలు కావాలి. మా అటెండరు టేబుళ్ళు తుడుస్తూ తీసే ఆ శ్రుతి లేని కూనిరాగం కావాలి. (నవ్వులు) పదిసార్లు చెప్పినా రానిది పదకొండోసారి వచ్చినప్పుడు "ఓ, ఇదా!" అంటారు చూశారూ, ఆ మాట వినకుండా ఒక రోజు ఎలా గడుస్తుందో నాకు తెలియదు. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది ఇప్పుడు.

ఇక అసలు సంగతికి వస్తాను. లాయరుగారూ, ఫోను పక్కన పెట్టండి, ఇది మీ కోసమే. ఆ పిటిషన్ సోమవారం విచారణకి వస్తోంది. ఆ పిల్లలు ఇక్కడే ఉన్నారు. ఎవరో చూపించను, మీరు వెనక్కి తిరిగి చూడకండి. స్టే లేదు కాబట్టి పై క్లాసు లేదు, కేసు తేలలేదు కాబట్టి కింద క్లాసులోనూ కలవలేదు. రోజూ వచ్చి లైబ్రరీలో కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి తండ్రి బస్సు కండక్టరు. ఆయన బస్సులోనే వస్తుంది, కాలేజీ దగ్గర దిగేటప్పుడు ఆయన రోజూ అదే మాట అడుగుతాడట, "ఇవాళైనా క్లాసుందా తల్లీ?" అని. సోమవారం కాలేజీ తరఫున మళ్ళీ టీచర్లు లేరు అని చెబితే ఆ పిల్లకి ఏడాది పోతుంది. ఆ తండ్రికి జవాబు ఉండదు.

ప్రిన్సిపాల్ గారూ, టీచర్లు లేరని రాసినప్పుడు అది నిజం. ఇవాళ సాయంత్రం అయిదు తర్వాత అది నిజం కాదు. రేపటి నుంచి ఒక టీచరు ఖాళీ. (నవ్వులు, చప్పట్లు) ఆగండి, ఆగండి, నన్ను చెప్పనివ్వండి. జీతం అడగను, గది అడగను. సాయంత్రం పూట డిసెక్షన్ హాలు తాళం, ఒక టేబులు. అంతే.

(కాలేజీ లాయరు లేచి: "మేడమ్, రిటైరైనవాళ్ళని మళ్ళీ తీసుకోవాలంటే రూలు ఒకటి ఉందండి.")

తీసుకోమని ఎవరన్నారు లాయరుగారూ? తాళం ఇమ్మన్నాను. (నవ్వులు)

(ప్రిన్సిపాల్: "మేడమ్, సోమవారం లోపు కూర్చుని మాట్లాడుకుందాం.")

కూర్చునేవాళ్ళమే సార్, కానీ రేపు నేను బయటి మనిషిని. గేటు దగ్గర మీ వాచ్‌మనే ఎవరు కావాలమ్మా అంటాడు. ఇంతమంది ముందు అడిగి మిమ్మల్ని ఇరుకున పెడుతున్నానని నాకు తెలుసు. మీరు ఫస్టియర్లో ఉన్నప్పుడు ఇంతమంది ముందే నేను మిమ్మల్ని మోకాలి గురించి అడిగాను, అప్పుడు తప్పించుకోలేదు మీరు, తెలియదని ఒప్పుకున్నారు, మర్నాడు చదువుకొచ్చి చెప్పారు. అందుకే మీరంటే నాకు ఇష్టం. ఇప్పుడు కూడా అవునో కాదో చెప్పండి చాలు.

(ప్రిన్సిపాల్ లేచి నిలబడి: "సోమవారం కాలేజీకి అభ్యంతరం లేదని చెప్పిస్తాను మేడమ్. హాలు మీరు వాడుకోండి." చప్పట్లు.)

కూర్చోండి సార్. చాలా సంతోషం. పిల్లలూ, మీకు ఇప్పుడే చెబుతున్నాను, నేను పాఠమే చెబుతాను, మార్కులు నా చేతిలో లేవు, ఉన్నా వెయ్యను. రానిది రాలేదనే అంటాను, మళ్ళీ చెబుతాను. రేపు సాయంత్రం తెల్లకోట్లు ఉతుక్కుని రండి. అమ్మాయ్, మీ నాన్నగారికి క్లాసుందని చెప్పు.

లాయరుగారూ, ఒక్క అనుమానం తీర్చండి. వాళ్ళు అడిగింది మనం ఇస్తామంటే, ఇక విచారించడానికి ఏమైనా మిగులుతుందా?

("ఏం మిగలదు మేడమ్. సోమవారం ఆ మాట చెప్పి ముగించేస్తాం.")

అయితే ఇక మాట్లాడుకోవచ్చు.

నన్ను ఇన్నేళ్ళు భరించిన ఈ కాలేజీకి, నా దగ్గర తప్పినవాళ్ళకి, నెగ్గినవాళ్ళకి, ఈ సభ ఏర్పాటు చేసినవాళ్ళకి కృతజ్ఞతలు. మీ అందరి ముందూ మావారితో ఒక్క మాట చెప్పి దిగిపోతాను, ఏమీ అనుకోకండి.

ఏమండీ, మీ పిటిషన్ చదివాను. చాలా బాగుంది. నా మీద గెలిచారు, చూడ్డానికి మీరు లేరు.

సెలవు.